ఆపద రోజున మన బడి: తల్లిదండ్రులకు ఒక విన్నపం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వరద గానీ, పెనుగాలి గానీ, అగ్నిప్రమాదం గానీ వచ్చి ఉన్నపళంగా ఇళ్ళు వదిలి రావాల్సి వస్తే జనం మొదట చూసేది బడి వైపే. పెద్ద గదులుంటాయి, ఆవరణ ఉంటుంది, నీళ్ళుంటాయి, దారి చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటి రోజున మన బడి పునరావాస కేంద్రంగా పనికొచ్చేలా ముందే సిద్ధం చేయాలని పాఠశాల కమిటీలో నిర్ణయించుకున్నాం. ఈ నెల ఉత్తరం మొత్తం దాని గురించే. పరీక్షల టైంటేబుల్ వెనక పేజీలో ఉంది.

మొదట చోటు సంగతి. ఎనిమిదో తరగతి పిల్లలు టేపు పట్టుకుని గదులన్నీ కొలిచారు. ఒక్కో తరగతి గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, అంటే 48 చదరపు మీటర్లు. సహాయ సంస్థలు ప్రపంచమంతటా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం తలదాచుకునే చోట మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్లు ఉండాలి. లెక్క వేస్తే గదికి 13 మంది. రోజూ నలభై మంది కూర్చునే గదిలో పదమూడు మందేనా అని పిల్లలు నమ్మలేకపోయారు. కూర్చోవడం వేరు, పడుకోవడం వేరు. తలగడ దగ్గర సంచి పెట్టుకోవాలి, రాత్రి లేచిన మనిషి ఇంకొకరిని తొక్కకుండా నడవాలి. జబ్బుపడ్డవాళ్ళకు ఒకటి, పసిపిల్లల తల్లులకు ఒకటి పక్కన పెడితే మనకు మిగిలేవి 12 గదులు. అంటే 156 మంది.

కానీ అసలు హద్దు గదుల దగ్గర లేదు. అవే ప్రమాణాల్లో ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి అని ఉంది. తొలి రోజుల హడావిడిలో యాభై మందికి ఒకటితో సర్దుకోవచ్చు గానీ ఆ తర్వాత కుదరదు. మన దగ్గర సరిగ్గా పనిచేస్తున్నవి ఆరు. అంటే 120 మందికి మించి రోజుల తరబడి ఉంచితే వరద తెచ్చిన జబ్బుకు మనం తెచ్చిన జబ్బు తోడవుతుంది. ఆడవాళ్ళకు ఎక్కువ కేటాయించాలి, లోపలి గడియలు పడాలి, అక్కడికి వెళ్ళే దారిలో రాత్రంతా దీపం వెలగాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఆడపిల్లలు సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం మానేస్తారు. మిగిలిపోయిన రెండు మరుగుదొడ్ల మరమ్మతు ఈ నెలలోనే మొదలవుతుంది. నీళ్ళ విషయానికొస్తే మనిషికి రోజుకు 15 లీటర్ల చొప్పున 120 మందికి 1800 లీటర్లు. ట్యాంకు చాలుతుంది. కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది కాబట్టి జనరేటర్ మాట్లాడుతున్నాం. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఎంత వాన కురుస్తున్నా జనరేటర్‌ను గదిలో, వరండాలో నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

భవనం తట్టుకుంటుందా అన్నది మనం అనుకుంటే సరిపోదు, ఇంజనీరు చూసి చెప్పాలి. వరదకు పనికొచ్చే భవనం భూకంపానికి పనికి రాకపోవచ్చు. భూమి కంపించిన తర్వాత తనిఖీ అయ్యేదాకా ఎవరినీ లోపలికి రానివ్వం, అది మన బడే అయినా సరే.

ఇక మనుషుల సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఇప్పటి బంగ్లాదేశ్‌లో 1970 తుఫానులో లక్షల మంది చనిపోయారు. ఆ తర్వాత వాళ్ళు గట్టి షెల్టర్లు కట్టారు, వాటిలో చాలావాటిలో మామూలు రోజుల్లో బడి నడుస్తుంది. దాంతోపాటు ఊరూరా వాలంటీర్లను తయారు చేసుకున్నారు. ఇప్పుడు వాళ్ళ సంఖ్య 70 వేలు దాటింది. అయినా 1991 తుఫానులో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు చాలా ఎక్కువగా చనిపోయారు. ఇంట్లో మగవాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలని ఎదురు చూసినవాళ్ళు, షెల్టర్‌లో తమకంటూ విడిగా చోటు ఉండదని వెనకాడినవాళ్ళు అందులో ఉన్నారు. అందుకే ఇవాళ అక్కడి వాలంటీర్లలో దాదాపు సగం మంది ఆడవాళ్ళు. మన జాబితాలో కూడా అమ్మలు, అక్కలు సగం ఉండాలని నా కోరిక.

వాలంటీర్లు చేయాల్సిన పనుల్లో గేటు దగ్గర రిజిస్టరు రాయడం తేలికగా కనిపిస్తుంది, నిజానికి అదే కష్టం. తడిసిన బట్టలతో, భయంతో వచ్చిన మనిషిని పేరు, వయసు, ఎవరితో వచ్చారు, రోజూ వేసుకునే మందులేమిటి, మెట్లు ఎక్కగలరా అని అడగాలి. విసుక్కోకుండా అడగాలి. ఇన్సులిన్ వాడే పెద్దాయన ఆ మాట తనంతట తాను చెప్పడు, మనమే అడగాలి. వెళ్ళిపోయేటప్పుడు టైము కూడా రాసుకోవాలి. ఆ కాలమ్ ఖాళీగా ఉంటే, ఎప్పుడో సురక్షితంగా వెళ్ళిపోయిన మనిషి కోసం రక్షణ సిబ్బంది వెతుకుతూ ఉంటారు.

ఒంటరిగా వచ్చిన పిల్లల విషయంలో మాత్రం నియమం సడలదు. పిల్లవాడి పేరు మైకులో చదవం, ఫోటో వాట్సాప్‌లో పెట్టం. తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తే ముందు పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి మీ వాళ్ళు ఎలా ఉంటారో చెప్పు నాన్నా అని అడుగుతాం, తర్వాత వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూస్తాం, ఇద్దరు పెద్దల ఎదుట సంతకం పెట్టించుకుంటాం. ఏ వాలంటీరూ ఒక్కరే ఒక గదిలో పిల్లలతో ఉండకూడదు. ఇది మీలో ఎవరి మీదా అనుమానంతో చెబుతున్నది కాదు. గందరగోళంలో పిల్లల మీద కన్ను వేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

2004లో జపాన్‌లోని నీగాతా భూకంపం తర్వాత చాలామంది రాత్రుళ్ళు కార్లలోనే పడుకున్నారు. కదలకుండా ఉండటం వల్ల కాళ్ళలో రక్తం గడ్డకట్టి కొందరు చనిపోయారు. కాబట్టి జనాన్ని లోపలికి చేర్చడంతో పని అయిపోదు. ముసలివాళ్ళను పూటకు రెండుసార్లైనా వరండాలో నడిపించడం, నీళ్ళు తాగించడం కూడా మన పనే.

వాలంటీరుగా పేరు ఇచ్చేముందు మీ ఇంటి ఏర్పాటు చూసుకోండి. మీ పిల్లలు, మీ పెద్దవాళ్ళు ఎక్కడుంటారో తేలకుండా ఇక్కడ నిలబడితే మీకూ టెన్షన్, మాకూ టెన్షన్. ఎనిమిది గంటల షిఫ్టు, ఆ తర్వాత తప్పనిసరిగా విశ్రాంతి. రాత్రి షిఫ్టుకు పేర్లు తక్కువ వస్తాయని నా భయం, మొదట అవే కావాలి.

చదువు ఆగిపోతుందేమోనని కొందరు అడిగారు. సరైన ప్రశ్న. అందుకే ముందు చెప్పిన 12 గదుల లెక్కలో చేర్చకుండా, పై అంతస్తులో నాలుగు గదులు, సైన్సు ల్యాబు, లైబ్రరీ తాళం వేసే ఉంటాయి. కేంద్రం వారం దాటి నడిస్తే పూటబడి అక్కడ మొదలుపెడతాం, ఇక్కడ తలదాచుకున్న పిల్లలు కూడా అందులోనే కూర్చుంటారు.

వచ్చే నెల రెండో శనివారం ఉదయం తొమ్మిదింటికి రిహార్సల్ ఉంది. గేటు దగ్గర రిజిస్టరు, గదుల కేటాయింపు, ప్రథమ చికిత్స, మంటలార్పే సిలిండరు వాడకం అన్నీ చేసి చూస్తాం. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు, కళ్ళు కనిపించనివాళ్ళు మీ ఇంట్లో ఉంటే దయచేసి వాళ్ళను కూడా తీసుకురండి. మన ర్యాంపు పనికొస్తుందో లేదో చెప్పగలిగేది వాళ్ళే. నర్సులు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, సైగల భాష తెలిసినవాళ్ళు ఫారంలో ఆ సంగతి రాయండి. ఫారం ఈ ఉత్తరానికి జతచేశాం, నింపి శుక్రవారం లోగా పిల్లల డైరీలో పెట్టి పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు