ఆరోగ్య ఉపసంఘం వార్షిక నివేదిక: లైంగిక వ్యాధులపై ఈ ఏడాది చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనాలూ, అన్నమయ్య కీర్తనల పోటీలూ జరుపుకొనే సంఘానికి సుఖవ్యాధులతో పనేమిటని కిందటి సర్వసభ్య సమావేశంలో పెద్దలు కొందరు ప్రశ్నించారు. మన దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది 1986లో మనం ఉంటున్న ఈ చెన్నపట్నంలోనేననీ, మద్రాసు మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల దాన్ని వెలికితీశారనీ గుర్తుచేశాక, ఈ పని చేపట్టాలన్న తీర్మానం నెగ్గింది.

చర్మ, సుఖవ్యాధుల నిపుణురాలైన మన సభ్యురాలొకరు ప్రసంగించిన తొలి సమావేశంలో ప్రశ్నలు అడగమంటే ఒక్కరూ నోరు విప్పలేదు. రెండోసారి గుమ్మం పక్కన ఖాళీ ఆవకాయ డబ్బా ఒకటి పెట్టి, ప్లాస్టిక్ మూతకు గంటు కోసి, పేరు రాయకుండా చీటీలు వేయమన్నాం. కాఫీలు తాగేలోపు డబ్బా నిండింది. కొన్ని చీటీలకు నూనె మరకలు కూడా అంటుకున్నాయి. దాదాపు అన్నింటిలోనూ ప్రశ్న ఒక్కటే: ‘ఇలా చేస్తే వస్తుందా, రాదా?’

ఏ వ్యాధి, ఏ తీరు కలయిక అన్నవి రెండూ తెలిస్తే తప్ప దానికి జవాబు లేదని డాక్టరుగారు వివరించారు. చికిత్స తీసుకోని హెచ్‌ఐవీ బాధితులతో కండోమ్ లేకుండా జరిగే మలద్వార సంభోగంలో, స్వీకరించే వ్యక్తికి 10,000 సార్లకు సుమారు 138 సార్లు ఆ వైరస్ సోకవచ్చునని అంచనా. యోని సంభోగంలో ఆ అంచనా స్త్రీకి 8, పురుషునికి 4 కాగా, ముఖరతిలో అది అత్యల్పం. ఇవి సగటు లెక్కలే. పుండ్లున్నా, మరో సుఖవ్యాధి ఉన్నా ముప్పు పెరుగుతుంది. మందులు క్రమం తప్పకుండా వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు చిక్కనంతగా తగ్గినవారి నుంచి లైంగికంగా అది సోకదు. అయితే హెచ్‌ఐవీకి అంతగా భయపడనక్కరలేని ఆ ముఖరతే, మన పెద్దలు సెగ, సవాయి అని పిలిచే గనేరియా, సిఫిలిస్‌లకూ, నీటిపొక్కులు తెచ్చే హెర్పిస్‌కూ మంచి దారి. పెదవి మీది హెర్పిస్ ముద్దుతోనే అంటుకుంటుంది. ఉమ్మి, చెమట, దోమకాటు, మరుగుదొడ్డి వల్ల హెచ్‌ఐవీ వస్తుందన్న భయాలకు ఆధారం లేదు.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. ‘కండోమ్ వాడితే ఏ వ్యాధీ రాదు’ అని తొలి కరపత్రంలో అచ్చువేయించాం. ప్రతిసారీ సరిగా వాడితే హెచ్‌ఐవీ, గనేరియాల నుంచి అది గట్టి రక్షణే గాని, సిఫిలిస్, హెర్పిస్, హెచ్‌పీవీ (పులిపిర్లు, గర్భాశయ ముఖ క్యాన్సర్ తేగల వైరస్)లు తొడుగు కప్పని చర్మం తగిలినా సోకవచ్చు గనుక వాటి విషయంలో ముప్పును తగ్గించగలదే తప్ప పూర్తిగా తీసేయలేదు. డాక్టరుగారు ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేశారు. మళ్లీ అచ్చువేయించిన ఖర్చు ఈ ఏటి పద్దుల్లో కనిపిస్తుంది. కొబ్బరినూనె రాస్తే లాటెక్స్ కండోమ్ బలహీనపడి చిరుగుతుందన్న సంగతిని కొత్త ప్రతిలో చేర్చాం. ఎందుకంటే ఒక చీటీ అడిగింది దాని గురించే.

చాలామందిలో లక్షణాలేవీ కనిపించవు గనుక పరీక్ష తప్పదని చెప్పేముందు నేనే చేయించుకుందామని ఒక ప్రైవేటు ల్యాబుకు వెళితే, కౌంటరులోని ఉద్యోగి పరీక్ష పేరు హాలంతా వినబడేలా కేకేశాడు. ఆ తర్వాత వెళ్లిన ప్రభుత్వ ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల) కేంద్రంలో కౌన్సెలర్ తలుపు వేసి, అంతా వివరించి, సమ్మతి తీసుకున్నాకే రక్తం తీయించారు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం కోరేది అదే. పరీక్ష ఉచితం. అనుమానాస్పద కలయిక జరిగిన మర్నాడే చేయిస్తే ఏమీ తేలదు, పరీక్షను బట్టి కొన్ని వారాల నుంచి 3 నెలల దాకా ఆగవలసి రావచ్చు. హెచ్‌ఐవీ సోకకుండా వాడే నివారణ మందులు మాత్రం 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. సలహాకు 1097 అనే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు ఉంది.

అరవం రానివారికి పరీక్షా కేంద్రానికి తోడుగా కార్యకర్తలను పంపుదామన్న సూచనను నేను అంగీకరించలేదు. పక్కింటివారు వెంట వస్తే గోప్యత ఎక్కడిది? బదులుగా కౌన్సెలర్ అడిగే ప్రశ్నలను తెలుగులో ఒక కాగితంపై అచ్చువేసి ఇచ్చాం. 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకు హెచ్‌పీవీ టీకా గురించి తల్లులు విడిగా అడిగారు. దానికి వేరే సమావేశం పెడతాం.

సమావేశాలకు స్త్రీలే ఎక్కువగా వచ్చారు. మగవారిలో పలువురు వారిని దింపి, స్కూటర్ల దగ్గరే నిలబడిపోయారు. వచ్చే ఏడాది రెండో డబ్బాను అక్కడే పెట్టేందుకు సభ్యుల అనుమతి కోరుతున్నాను.

కన్వీనర్, ఆరోగ్య ఉపసంఘం