బొడ్డుతాడు రక్తం: దాచడం సరే, కరిగించాక?

సంపాదకులకు,

విశాఖలో ప్రైవేటు ఆసుపత్రికి చెకప్‌కి వెళ్ళిన మా అమ్మాయికి డాక్టరు కంటే ముందు బొడ్డుతాడు రక్తం బ్యాంకు ఏజెంటు ఎదురయ్యాడు. "మైనస్ 196 డిగ్రీల్లో దాస్తాం మేడమ్, బిడ్డకి జీవితాంతం భరోసా" అంటూ వాయిదాల కాగితం ముందు పెట్టాడు. ఆ అంకె నిజమే, ద్రవ నైట్రోజన్ చల్లదనం అంతే. కానీ అంత చలికి దించేటప్పుడు, మళ్ళీ కరిగించేటప్పుడు ఆ రక్తంలోని మూలకణాలకు, అంటే కొత్త రక్తకణాలను పుట్టించే కణాలకు, ఏమవుతుందని అడిగితే జవాబు లేదు. ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైన వాణ్ణి కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

కణంలో ఎక్కువ భాగం నీరే. ఫ్రీజర్‌లో నీళ్ళ సీసా పగిలినట్టు, లోపల మంచు పలుకులు ఏర్పడితే కణం దెబ్బతింటుంది. మరీ నెమ్మదిగా చల్లబరిస్తే నీరు బయటికిపోయి ఎండిపోతుంది. అందుకే డీఎంఎస్‌ఓ అనే రసాయనం సుమారు 10 శాతం కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించుతారు. చలిలో కాపాడిన ఆ రసాయనమే రక్తం సంచి వెచ్చబడ్డాక కణాలకు చేటు. 37 డిగ్రీల నీటి తొట్టిలో త్వరగా కరిగించి, కడిగో పలుచన చేసో జాప్యం లేకుండా రోగికి ఎక్కించాలి. ఎంత జాగ్రత్తపడినా కొన్ని కణాలు పోతాయి. నిల్వలో ఉండగా సంచి పదేపదే కాస్త వేడెక్కినా నష్టమే.

సరిగ్గా దాస్తే ఇరవై ఏళ్ళు దాటినా కణాలు పనికొస్తాయి, కాదనను. 1988లో పారిస్‌లో జరిగిన తొలి చికిత్సలో ఫ్రీజ్ చేసి తెచ్చిన చెల్లెలి బొడ్డుతాడు రక్తమే ఫాంకోని ఎనీమియా అనే జన్యు రక్తరోగం ఉన్న అన్నకు ఎక్కించారు. గమనించండి, ఆ రక్తం అతనిది కాదు. జన్యురోగమైతే సొంత కణాల్లోనూ అదే లోపం ఉంటుంది. తన కోసమే దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ అనే జన్యు రక్తరోగం ఉన్న బిడ్డ ఇంట్లో మరో కాన్పు వస్తే, ఆ పసికందు రక్తం దాచడంలో అర్థముంది. అలాంటి కుటుంబాలకు విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ద్వారా ప్రభుత్వమే ఈ ఏర్పాటు చేయాలి. డబ్బున్నవాళ్ళ భయం మీద వ్యాపారం నడుస్తోంది గానీ, అవసరమున్న ఏజెన్సీ గూడేల వైపు ఏ ఏజెంటూ వెళ్ళడు!

ఇంకోటి, సంచి నిండాలని బొడ్డుతాడుకి తొందరపడి క్లిప్ వేయకూడదు. కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ రక్తం బిడ్డకే కావాలి.

ఈ బ్యాంకుల లైసెన్సులు చూసే ఔషధ నియంత్రణ అధికారులకు నా విన్నపం. ఫ్రీజ్ చేసేముందు ఎన్ని కణాలు ఉన్నాయి, సంచికి అతికి ఉండే చిన్న గొట్టంలోని నమూనాను కరిగించి చూస్తే ఎన్ని బతికాయి అన్నది తల్లిదండ్రులకు తెలుగులో రాతపూర్వకంగా ఇప్పించండి. నొప్పుల టెన్షన్‌లో ఉన్నవాళ్ళ చేత సంతకాలు పెట్టించడం నిషేధించండి.

— ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం