జొన్నరొట్టె సరే, గిర్ని సంగతి?

సంపాదకులకు నమస్కారం.

కడుపుబ్బరం, గ్యాస్ అనగానే ‘గోధుమ మానండి, జొన్నరొట్టె తినండి’ అనే సలహా ఇప్పుడు ప్రతి పత్రిక ఆరోగ్య పేజీలోనూ కనిపిస్తోంది. పాలమూరు వాళ్లకు జొన్నరొట్టె గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఈ సలహా సగమే. మిగతా సగం పిండి పట్టించే గిర్నిలో ఉంది.

గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక, ఒంట్లోని రోగనిరోధక శక్తి చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీయడం సీలియాక్. తిన్నది ఒంటికి పట్టదు. అందరికీ విరేచనాలే కావాలని లేదు. నెలల తరబడి ఐరన్ మాత్రలు వేసుకున్నా రక్తం పెరగకపోవడం, పిల్లలు ఎత్తు, బరువు పెరగకపోవడం కూడా దీని గుర్తులే. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఇది బాగా తక్కువ. అందుకే ఇక్కడ అనుమానం రావడానికే ఏళ్లు పడుతుంది.

అనుమానం ఉంటే ముందే గోధుమ మానేయకండి. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీలో తీసే చిన్నపేగు ముక్క పరీక్ష, రెండూ గోధుమ తింటున్నప్పుడే జబ్బును సరిగ్గా చూపిస్తాయి. మానేసి వెళ్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఇంకో మాట. గోధుమ మానగానే హాయిగా ఉందంటే అది సీలియాకే అనుకోవద్దు. గోధుమలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం పడని ఐబీఎస్ (పేగు దెబ్బతినకుండానే కడుపునొప్పి, ఉబ్బరం తెచ్చే ఇబ్బంది) వాళ్లకూ అలాగే ఉంటుంది. వాళ్లకు కాస్త గోధుమపిండి అంటినా పేగుకు నష్టం లేదు. సీలియాక్ వాళ్లకు ఉంది, అదీ జీవితాంతం.

ఎంత పిండితో నష్టమో లెక్క చూడండి. సీలియాక్ ఉన్నవాళ్లలో చాలామంది రోజుకు 10 మిల్లీగ్రాముల గ్లూటెన్ వరకే తట్టుకుంటారని అంచనా. ఒక గ్రాము గోధుమపిండిలోనే సుమారు 80 మిల్లీగ్రాములు ఉంటుంది. గోధుమలు పట్టిన వెంటనే అదే రాయిలో జొన్నలు పోస్తే రాళ్ల మధ్య, గొట్టంలో, సంచిలో మిగిలిన పిండి కలుస్తుంది. కిలో జొన్నపిండిలో 10 గ్రాములు కలిసిందనుకున్నా 800 మిల్లీగ్రాములు. ‘గ్లూటెన్ లేనిది’ అని రాసుకోవడానికి మన ఆహార చట్టం ఒప్పుకునేది కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే. రోజూ రొట్టే తింటున్నా రిపోర్టు మారడం లేదంటే మొదట అడగాల్సింది గిర్ని గురించే.

కొన్ని గిర్నిలలో బియ్యం, జొన్నలకు వేరే మిషన్ ఉంటుంది. అందులో గోధుమ అసలు పట్టరని ఖాయం చేసుకున్నాకే పోయించుకోవాలి. ‘దులిపి పడతాం’ అంటే చాలదు, రాయి గాట్లలో పిండి ఉండనే ఉంటుంది. దొరకకపోతే ఇంట్లో మిక్సీలో పట్టి సన్న జల్లెడ పట్టుకోవచ్చు, అదీ గోధుమపిండి తగలని జల్లెడ. పట్టేముందు చాటలో పోసి గోధుమ గింజలు ఏరేయాలి, కడిగి ఎండబెట్టాలి. కిరాణా కొట్లో రెండు బస్తాల్లోనూ తిరిగేది ఒకే డబ్బా మరి.

రొట్టె విరుగుతోందని పిడికెడు గోధుమపిండి కలిపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టి పిండి సాగదు, పట్టు ఇచ్చేది వేడినీళ్లే. గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నీళ్లు తెర్లించి పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత చల్లారాక అరచేతి మడమతో గట్టిగా పిసకాలి. పాత పిండైతే ఎంత పిసికినా అంచులు పగుళ్లు ఇస్తాయి. వారానికి సరిపడానే పట్టించుకోండి. పొడిపిండి కూడా జొన్నదే చల్లాలి. చపాతీ పీట, కర్ర వేరుగా ఉంచాలి.

తెలియకుండా తినేవి ఇంకా ఉన్నాయి. ఉప్మారవ్వ, సేమియా గోధుమవే. ఇడ్లీరవ్వ బియ్యానిది, భయం లేదు. సర్వపిండి, సకినాలు, గట్క కూడా గోధుమ కలవని పిండితో చేస్తే నిశ్చింతగా తినొచ్చు. మిర్చిబజ్జీ శనగపిండిదే అయినా పూరీలు, మైసూర్ బజ్జీలు వేగిన నూనెలోంచి వస్తే వద్దు. డబ్బా ఇంగువలో చాలావాటికి మైదా కలుస్తుంది, వెనక రాసింది చదవాలి. మాల్ట్ పొడులలో బార్లీ, హలీంలో గోధుమ. సత్యనారాయణ వ్రతం ప్రసాదం చేసేది కూడా గోధుమరవ్వతోనే. కళ్లకద్దుకుని పక్కవారికి ఇచ్చేస్తే దేవుడేమీ అనుకోడు. మొదటి నెలల్లో పాలు కూడా పడకపోవచ్చు. పేగు మానేదాకా పెరుగుతో సరిపెట్టుకోవచ్చు. గ్లూటెన్ లేదని రాసి అమ్మే బిస్కెట్లకు డబ్బు తగలేయనక్కర్లేదు, వాటిలో చక్కెర, కొవ్వు తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

అంగన్‌వాడీలలో 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమ ఉంటుంది. మామూలు పిల్లలకు అది మంచి ఆహారమే, ఎవరూ మానిపించొద్దు. సీలియాక్ అని తేలిన పిల్లలకు మాత్రం దాని బదులు బియ్యం, పెసరపప్పు, పల్లీలతో చేసిన పొడి ఇచ్చేలా మహిళా శిశు సంక్షేమ శాఖ ఏర్పాటు చేయాలి. మహిళా సంఘాలకు గిర్నిలు మంజూరు చేసేటప్పుడు మండలానికి ఒక్కటైనా జొన్న, రాగులకే కేటాయించి, బోర్డు మీద ‘ఇక్కడ గోధుమ పట్టబడదు’ అని రాయించాలని మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల అధికారులను కోరుతున్నాం.

— పోషకాహార నిపుణులు, మహబూబ్‌నగర్