రికార్డు పోవాలంటే తీర్పు పోవాలి

చిరంజీవి అబ్బాయికి నాన్న ఆశీస్సులు.

కువైట్ వీసాకి పోలీసు క్లియరెన్సు అడిగారనీ, డబ్బులిస్తే కంప్యూటర్లోంచి నీ పేరు తీయించేస్తానని భీమవరంలో ఎవడో అన్నాడనీ రాశావు. వాడికి రూపాయి ఇవ్వకు. శిక్ష అనుభవించి బయటికొచ్చిన పెద్దవాళ్లకి, ఇన్నేళ్లు గడిస్తే రికార్డు దానంతటదే పోతుందనే చట్టం మన దగ్గర లేదు. తీర్పు నిలిచి ఉన్నంతకాలం ఎస్‌ఐ గారైనా దాన్ని చెరపలేరు.

బోదె గట్టు తగువులో నీ మీద నిలిచింది ఐపీసీ 325, అంటే తీవ్రంగా గాయపరచడం, ఒక్కటే కావడం మేలైంది. అది కోర్టు అనుమతితో రాజీ పడదగ్గ సెక్షను. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, అంటే పాత సీఆర్‌పీసీలో 320, దాని బదులు ఇప్పుడొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 359 ప్రకారం కోర్టు రాజీని ఒప్పుకుంటే నిన్ను నిర్దోషిగా వదిలినట్టే లెక్క. శిక్ష పడ్డాక కూడా ఈ దారి ఉంది, కాకపోతే అప్పీలు నడుస్తూ ఉండాలి. పెద్దల ముందు స్టాంపు కాయితం రాసుకుని స్టేషన్లో ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు మనూళ్లో. దాని వల్ల ఒరిగేదేం లేదు. అదే 326, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం అయ్యుంటే రాజీ సెక్షను కాదు గనక అమరావతి హైకోర్టుకి పోవాల్సొచ్చేది. శిక్ష పడ్డాక రాజీ కుదిరినా, ఘోరమైన నేరం కానప్పుడు హైకోర్టు కేసు కొట్టేయొచ్చని 2021లో రామ్‌గోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ముందు అమలాపురం కోర్టు కాపీయింగు సెక్షన్లో తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పడాలి. రాజమండ్రి సెంట్రల్ జైలు ఇచ్చిన విడుదల కాయితం, జరిమానా కట్టిన రసీదు కూడా తీసిపెట్టు. సెషన్స్ కోర్టులో అప్పీలుకి గడువు 30 రోజులే, అది ఎప్పుడో దాటిపోయింది. అందుకని అప్పీలుతో పాటు, ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షను కింద పిటిషను వేయాలి. ఎక్కువ మందికి దెబ్బ తగిలేది ఇక్కడే. ‘తెలియక ఆలస్యమైంది’ అని ఒక్క ముక్క రాస్తే కొట్టేస్తారు. జైల్లో ఎంతకాలం ఉన్నావు, ఎప్పుడు విడుదలయ్యావు, ఆ తర్వాత ఎందుకు వేయలేకపోయావు, అన్నీ తేదీలతో అఫిడవిట్లో ఉండాలి. ప్లీడరు ఏదైనా కల్పించి రాస్తానంటే వద్దను. శిక్ష పూర్తయిపోయింది కదా, ఇంకా అప్పీలేంటని ఎవరైనా అంటే బెదరకు. మచ్చ మిగిలి ఉంది కాబట్టి అప్పీలు చెల్లుతుంది.

ఆలస్యం మన్నించి అప్పీలుకి నంబరు పడ్డాక రాజీ పిటిషను. దెబ్బలు తిన్న ఇద్దరూ సంతకం పెట్టాలి, ఆధార్ పట్టుకుని కోర్టుకి రావాలి. ఒక్కరే వస్తే కుదరదు. ఎవరి బలవంతమూ లేదు కదా అని జడ్జి గారు అడుగుతారు, అక్కడ తడబడితే పిటిషను పోతుంది. ఆధార్లో ఇంటిపేరు, ఛార్జిషీటులో ఇంటిపేరు ఒకటేనో కాదో ఇప్పుడే చూడమని మీ మామయ్యకి చెప్పు. వాళ్లింటికి నువ్వు మాత్రం వెళ్లకు, సాక్షిని బెదిరించాడని కొత్త కేసు పెట్టగలరు. ప్లీడరు ఫీజుకి ఇబ్బందైతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చేయి.

ఆర్డరొచ్చాక పని అయిపోయిందనుకునేరు! కోర్టులో కొట్టేసినా పోలీసుల కంప్యూటర్ రికార్డు సీసీటీఎన్‌ఎస్‌లో పాత ఎంట్రీ అలాగే ఉండిపోతుంది, ఎవరో ఒకరు సరిచేస్తే తప్ప. సర్టిఫైడ్ కాపీ జతచేసి స్టేషన్ హౌస్ ఆఫీసరుకి ఒక దరఖాస్తు, ఎస్పీ ఆఫీసుకి ఒకటి ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకో. నీ పేరున సస్పెక్టు షీటో, రౌడీ షీటో ఉంటే దాన్ని మూసేయమని వేరే అర్జీ పెట్టాలి. కేసు పోయినంత మాత్రాన షీటు పోదు. ఇవన్నీ సర్దుకున్నాకే పాస్‌పోర్టు కేంద్రంలో క్లియరెన్సుకి 500 కట్టు.

పాస్‌పోర్టు గురించి బెంగ వద్దు. గత 5 ఏళ్లలో నైతిక పతనం కింద లెక్కేసే నేరానికి 2 ఏళ్లకి తగ్గకుండా శిక్ష పడితేనే, శిక్ష పడ్డవాళ్ల గురించి పాస్‌పోర్టు చట్టంలో ఉన్న సెక్షను అడ్డం. నీకు పడింది ఏడాది. ఉద్యోగం ఫారంలో మాత్రం ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని ఉంటే, కేసు కొట్టేసినా అవుననే రాసి ఆర్డరు కాపీ జతచేయి. దాచినందుకే ఉద్యోగం పోయినవాళ్లున్నారు.

కోర్టులో కేసుకిచ్చిన సి.సి. నంబరు, తీర్పు తేదీ వెంటనే రాసి పంపు. సోమవారం కాపీకి దరఖాస్తు వేయిస్తాను.

మీ నాన్న