గిన్నెలు వచ్చి తీసుకెళ్ళండి

మా మామ్మ వెళ్ళిపోయి పద్దెనిమిది రోజులైంది. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. వంటింటి గట్టు మీద ఇరవై మూడు గిన్నెలు, నాలుగు క్యారేజీలు, ఒక ఫ్లాస్కు మిగిలాయి. మా పొయ్యి వెలగని రోజు నుంచీ మా సత్యనారాయణపురం వీధివాళ్ళు తెచ్చి పెట్టినవి. ఏది ఎవరిదో తెలియడం లేదు.

మామ్మే ఉంటే ఈపాటికి అన్నీ తోమించి, ఒక్కోదాంట్లో ఏదో ఒకటి వేసి ఎవరివి వాళ్ళకు పంపేసేది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఆవిడ లెక్కలో అప్పు ఎగ్గొట్టడమే. ఇంట్లో ఏమీ లేకపోతే పిడికెడు పంచదార అయినా వేసేది. మైల ఇంటి నుంచి ఏమీ పంపకూడదన్నారని ఇన్నాళ్ళూ ఆగాం.

ఆ రోజు తెల్లవారుజామున మూడింటికి పోయింది. తొంభై నాలుగేళ్ళు, నిద్రలోనే. ఎదురింటి అబ్బాయి వచ్చి మెల్లగా అడిగాడు, కళ్ళు ఇస్తారా అని. ఇంత వయసులో, అందులోనూ రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది, ఎవరు తీసుకుంటారనుకున్నాం. వయసు అడ్డు కాదట, ఆపరేషన్ అయినా పర్వాలేదట, ఆరు గంటల లోపు తీసుకోవాలంతే. అతనే ఐ బ్యాంకుకు ఫోన్ చేశాడు. రెప్పలు మూసి తడి దూది పెట్టించాడు, తల కింద దిండు ఎత్తించాడు, ఫ్యాన్ కట్టేయించాడు. మే నెల బెజవాడలో ఫ్యాన్ లేకుండా! అంతమంది చెమటలు కక్కుతూ కూర్చున్నారు, ఒక్కరూ స్విచ్ వైపు చూడలేదు. వాళ్ళు వచ్చాక పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. వచ్చే జన్మలో గుడ్డిదై పుడుతుందని ఒక పెద్దావిడ గొణిగింది. మామ్మ ఇవ్వమనే చెప్పి ఉండేది, వాడని వస్తువు ఇంట్లో ఉంటే ఆవిడకు నచ్చదు.

లిఫ్టులో పట్టలేదని మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా మోసిన కుర్రాళ్ళకు, కృష్ణలంక స్వర్గపురి శ్మశానంలో మా నాన్నకు ఎండ తగలకుండా గొడుగు పట్టి నిలబడిన ఆటో అతనికి, ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఒక పాత బాకీ కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మామ్మ సింగ్‌నగర్‌లో మా అత్త వాళ్ళింట్లో ఉంది. ముగ్గురు కుర్రాళ్ళు ఆవిడను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి పడవలో కూర్చోబెట్టారు. ఆ హడావుడిలో పేర్లు అడగలేదు. మందుల సంచీ తడవకుండా నెత్తిన పెట్టుకున్నది మీలో ఎవరో గానీ, ఆ మందులతోనే ఆవిడ వారం నెట్టుకొచ్చింది. ఒడ్డుకు వచ్చాక కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారని టీవీలో చెబుతుంటే, "1952లో ఆనకట్టే తెగింది, ఇదెంత" అంది. పడవలో మాత్రం నా చెయ్యి వదల్లేదు.

ఆవిడ కాపురానికి వచ్చేనాటికి ప్రకాశం బ్యారేజీ లేదు. 1957లో అది పూర్తయ్యాక మా నాన్నను చంకనేసుకుని చూసొచ్చిందట. మా పేటలో రైలు పట్టాలున్న రోజుల్లో బండి కూత వినే ఎసరు పెట్టేది. పట్టాలు తీసేసి బస్సుల కోసం బీఆర్‌టీఎస్ రోడ్డు వేశాక గోడ గడియారం కొనిచ్చాం. చివరి రెండేళ్ళు మళ్ళీ పాత కాలంలోకి వెళ్ళిపోయి, "బండి వెళ్ళిందా?" అని అడిగేది. వెళ్ళిందంటే సరే అనేది, లేట్ అంటే బియ్యం నానబెట్టకండి అనేది.

గిన్నెల సంగతికి వస్తాను. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటున్నాం. మామ్మ పద్ధతి ప్రకారం ఒక్కోదాంట్లో కాసిని సున్నుండలు వేసి ఉంచాం, మొహమాటపడకుండా రండి. చాలావాటి మీద పేర్లు కొట్టించి ఉన్నాయి గానీ అరిగిపోయి సగం కనబడటం లేదు. అంచు సొట్టపోయిన ఒక గిన్నె మీద మాత్రం స్పష్టంగా మా మామ్మ పేరే ఉంది, కింద మా అత్త పెళ్ళి తేదీ. అంటే ఎప్పుడో ఏదో వేసి ఆవిడే ఎవరింటికో పంపిన గిన్నె. ఈసారి పప్పుచారుతో తిరిగొచ్చింది. ఇన్నేళ్ళు దాన్ని దాచిందెవరో చెప్పండి. సున్నుండలు అందులో ఇంకో రెండు ఎక్కువ వేశాను.