సున్నుండల డబ్బాతో పంపిన ఉత్తరం

బుజ్జీ,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటున్నాను. అనుకోక ఏం చేస్తాను? ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. ఈ మంగళవారానికి పంతొమ్మిది రోజులు. నేనేమీ లెక్కపెట్టలేదు. క్యాలెండర్లో పాల లెక్క పక్కన నీ ఫోన్ వచ్చిన రోజు గుర్తు పెట్టుకోవడం అలవాటు, అంతే. చిన్న మావయ్య ఆదివారం నరసాపురం రైలుకి హైదరాబాద్ వస్తున్నాడు. చేతులూపుకుంటూ రావడమెందుకని ఈ ఉత్తరం, సున్నుండలు ఇచ్చి పంపుతున్నాను.

కాలవలకి నీళ్ళు వదిలారు కానీ మన శివారుకి ఇంకా అందలేదు. మీ నాన్న రోజూ సాయంత్రం తూము దాకా వెళ్ళి చూసి వస్తున్నారు, ఆయన చూస్తే నీళ్ళు వస్తాయన్నట్టు. మోకాలు నొప్పి అంటూనే వెళ్తారు. కొబ్బరికాయ ధర కాస్త లేచింది, దింపు కూలీ అంతకంటే ఎక్కువ లేచింది. నల్ల పెట్ట పొదిగి తొమ్మిది పిల్లల్ని చేసింది, రెండింటిని గద్ద తన్నుకుపోయింది. పెద్దత్తకి ఉబ్బసం మళ్ళీ తిరగబెట్టింది.

అరుగు మీద లేసు పని మామూలే. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనూ సత్య పిన్నీ కూర్చుంటే నాలుగింటి దాకా లేవం. లోకంలో ఉన్నవన్నీ మాట్లాడుకుంటాం. ఒక్క సంగతి మాత్రం ఆవిడ ఎత్తదు, నేనూ ఎత్తను. అప్పుడు సూదులు మరీ వేగంగా కదులుతాయి.

మొన్న కాంతం వచ్చి ఎత్తింది. "సత్య కూతురు దుర్గకి టీమ్ లీడ్ ఇచ్చారంట కదా, మీ బుజ్జికి రాలేదంట కదా, ఇద్దరూ మాట్లాడుకోవట్లేదంట కదా" అని. మూడు అంటలూ గుమ్మంలో నిలబడే అనేసింది. దాని మాట నేను పట్టించుకోనని నీకు తెలుసు. కాకపోతే దాని మాటల్లో సగం నిజం ఉంటుంది, ఏ సగమో తెలియకే చావు. పోనీలే. నేను అడగదలచుకోలేదు. నీ ఉద్యోగం సంగతి నాకేం తెలుస్తుంది.

వేరే మాట చెప్తాను. ఏమీ తోచక చంటిగాడి చేత ఫోన్లో నీ జపాన్ స్కేటింగ్ కుర్రాడు హాన్యూ వీడియోలు పెట్టించుకుని చూస్తున్నాను. నువ్వున్నప్పుడు చూడమని బతిమాలితే వంటపని ఉందనేదాన్ని కదా, ఇప్పుడు రోజుకి రెండు చూస్తున్నాను. చంటిగాడు వివరం చెప్తాడు, వాడికి తెలియనిది వాడే వెతికి చెప్తాడు. ఆ పిల్లాడికీ చిన్నప్పటి నుంచి ఆస్తమాయేనట! పెద్దత్త నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతుంది, ఇతను నాలుగు నిమిషాలు ఆ మంచు మీద ఎలా తిరుగుతాడో. 2011లో భూకంపం వచ్చినప్పుడు వాళ్ళ ఊరు సెండాయ్‌లోనే ప్రాక్టీసు చేస్తూ, కాళ్ళకి స్కేట్లతోనే బయటికి పరిగెత్తాడట. తరువాత ఇంటిల్లిపాదీ కొన్నాళ్ళు సహాయ శిబిరంలో ఉన్నారట. వరదలప్పుడు స్కూల్లో మనం పడుకున్నట్టే అనుకున్నాను. నువ్వు ఆ స్కూలు వరండాలో ఏడ్చింది చలికి కాదు, దుర్గని వేరే గదిలో పెట్టారని.

అతని చొక్కాలు చూశాను. కొరియాలో వేసుకున్న ఆ పాతకాలం జపాన్ జుబ్బా లాంటిది బాగుంది. ఆ పూసల పని మిషను మీద అయ్యేది కాదు, ఎవరో కూర్చుని చేతితో కుట్టి ఉంటారు. అన్ని చుట్లు తిరిగినా ఒక్క పూస రాలలేదంటే ముడి గట్టిది. ఆట అయ్యాక జనం పసుపు రంగు ఎలుగుబంటి బొమ్మలు వానలా విసురుతుంటే, చిన్న పిల్లలు వచ్చి ఏరుకెళ్ళడం నాకు భలే నచ్చింది. నీ సూట్‌కేసు నిండా ఆ బొమ్మలే ఉండేవి గుర్తుందా? మంచాన్నంతా అవే ఆక్రమిస్తే నువ్వు గోడకి అంటుకుని పడుకునేదానివి.

ఆ రెండోవాడు, దుర్గ ఇష్టపడే మనిషి, ఫెర్నాండెజ్. వాడి సంగతి నాకు ఇప్పుడే సరిగ్గా తెలిసింది. స్పెయిన్ వాడట, హాన్యూ కంటే మూడేళ్ళు పెద్ద. 2012లో హాన్యూ టొరంటో వెళ్ళేసరికి ఇతను అప్పటికే అక్కడ బ్రయాన్ ఆర్సర్ దగ్గర నేర్చుకుంటున్నాడు. ఆ క్లబ్బు పేరులో క్రికెట్ కూడా ఉందట, మీ నాన్నకి ఈ మొత్తంలో ఆ ముక్క ఒక్కటే నచ్చింది. ఒకే గురువు, ఒకే మంచు, పోటీ వచ్చేసరికి ఎదురెదురు. ఒకే గంప కింద రెండు పుంజుల్ని పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు! ఆ గురువు కూడా తక్కువవాడు కాదు. 1984లో, 1988లో రెండు ఒలింపిక్స్‌లోనూ రెండో స్థానమే. రెండోసారి కాల్గరీలో, తన సొంత దేశంలో, వెంట్రుకవాసిలో ఓడిపోయాడట. గెలిచినవాడి పేరు కూడా బ్రయానే.

2015లో షాంఘైలో జరిగిన ప్రపంచ పోటీల్లో స్పెయిన్ కుర్రాడికి 273.90, నీవాడికి 271.08. మూడు మార్కులు కూడా లేవు తేడా. ఆ మరుసటి ఏడాది బోస్టన్‌లో మొదటి రోజుకి పన్నెండు మార్కులు ముందుండి కూడా మళ్ళీ అతని చేతిలోనే ఓడాడు. అప్పుడు నువ్వు అన్నం ముట్టలేదు, దుర్గ మన పెరట్లో బావి చుట్టూ గంతులేసింది. నేను ఇద్దర్నీ తిట్టాను. అరగంటకల్లా ఒకే పళ్ళెంలో మరమరాల మిక్చరు తింటూ కనబడ్డారు. ఎవరికి ఎన్ని ఉల్లిపాయ ముక్కలు వచ్చాయని మళ్ళీ కొట్టుకున్నారు, అది వేరే.

ఆ షాంఘై వీడియో చంటిగాడు నాలుగుసార్లు పెట్టాడు. హాన్యూ ఏడుస్తున్నాడు, గెలిచినవాడు దగ్గరికి తీసుకుని పట్టుకున్నాడు. గెలిచినవాడికి అది సులువు అనుకో. ఓడినవాడు ఆ చేతుల్ని తోసెయ్యకపోవడం నేను చూశాను.

నీకు మా అతుకుపని గొడవ చెప్పానా? చెప్పి ఉండను. నాకు పెళ్ళి కాని రోజులు. ఏజెంటు దారం తూకం వేసి ఇంటింటికీ ఇచ్చేవాడు, మేం పువ్వులు అల్లి ఇస్తే లెక్కపెట్టి డబ్బులిచ్చేవాడు. అది చేతిపని, ఎవరైనా చేస్తారు. ఆ పువ్వులన్నీ ఒకదానికొకటి కలిపి బల్ల మీద గుడ్డగా చేసేది అతుకుపని. డబ్బులు కాస్త ఎక్కువ, పేరు చాలా ఎక్కువ. మా వీధికి ఒక్కరినే పెట్టుకుంటానన్నాడు. నాకూ సత్యకీ ఒకే నమూనా ఇచ్చి వారం గడువు పెట్టాడు. నేను రాత్రి లాంతరు దగ్గర కూడా అల్లాను. మా నాన్న కిరసనాయిలు ఎవరు పోస్తారని అరిచేవాడు. నా పువ్వులు చూడాలి, గట్టిగా, అచ్చు పోసినట్టు ఒకే కొలత. ఆవిడవి వదులు. నాదే అని నాకు తెలుసు, వీధికి తెలుసు, సత్యకి కూడా తెలుసు.

ఏజెంటు రెండూ చాప మీద పరిచాడు. వేళ్ళతో తడిమాడు. సత్యది తీసుకున్నాడు. బిగించి అల్లితే అంచులు పైకి లేస్తాయట, ఉతికితే ఇంకా ముడుచుకుంటుందట. నిజంగానే నా ముక్క చాప మీద అప్పడంలా లేచింది. ఆ అప్పడం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఏడాదిన్నర మాట్లాడలేదు. బోరింగు దగ్గర ఆవిడ ఉంటే ఖాళీ బిందెతో వెనక్కి వచ్చేసేదాన్ని. మా అమ్మ చెరువు మీద అలిగిన సామెత చెప్పేది, పూర్తిగా ఇక్కడ రాయను. ఆ తరువాత భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్ళాం. నరసాపురం రేవులో పంటు ఎక్కితే అదే పంటు మీద సత్య, వాళ్ళ మేనత్త. నేను గోదారి వైపు తిరిగి నిలబడ్డాను. కొత్త ఓణీ వేసుకున్నాను. ఆ ఓణీ అంచుకి ఏం కుట్టాననుకున్నావు? ఏజెంటు వద్దన్న ఆ లేసే. చూడనీ అని. అవతల సఖినేటిపల్లి రేవులో దిగుతుంటే కాలు జారి నడుం దాకా బురదలో కూర్చున్నాను. జనమంతా చూస్తున్నారు. సత్య నవ్వింది. చెయ్యి ఇవ్వడం తరువాత, ముందు నవ్వు, అదీ కడుపు పట్టుకుని! నాకు ఏడుపొచ్చింది, నోరు తెరిస్తే నవ్వొచ్చింది. గోదాట్లోనే ఓణీ తడిపి ఇద్దరం బురద వదిలించాం. "గట్టిగా అల్లావు కాబట్టి లోపలికి పోలేదే" అంది. ముందు నేనే మాట్లాడానని ఆవిడ ఇప్పటికీ అంటుంది. అబద్ధం. ఇంతకీ కల్యాణం చూడలేదు, రథం ఒక్కటే చూశాం.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానో మర్చిపోయాను. ఆ, స్కేటింగు.

కొరియా ఒలింపిక్స్ నాకు బాగా గుర్తు. 2018 ఫిబ్రవరి, శనివారం పొద్దున్న, మీరిద్దరూ ముందు గదిలో ఒక్క ఫోను మీద తలలు పెట్టి అరుస్తుంటే పాలు పొంగిపోయాయి. అంతకు మూడు నెలల ముందే చీలమండకి దెబ్బ తగిలి, పోటీలు మానేసి, నేరుగా ఆ పోటీకే వచ్చి గెలిచాడని నువ్వు వీధంతా చెప్పుకొచ్చావు. దుర్గ మనిషికి కాంస్యం. ఆ రోజు నేను మీరు చెప్పింది వినలేదు, మొన్న చూశాను. ఇదే నా ఆఖరి ఒలింపిక్స్ అని ఫెర్నాండెజ్ చెప్పాడట, బంగారం గెలిచినవాడు ఏడ్చాడు. పోటీవాడు వెళ్ళిపోతే సంతోషించాలి కదా అని చంటిగాడు అడిగాడు. నీకింకా అతుకుపని తెలియదులేరా అన్నాను.

2022 బీజింగ్ ఒలింపిక్స్‌ది కూడా చూశాను. మంచులో ఉన్న గుంటలో స్కేటు అంచు పడి మొదటి గెంతు పోయింది, ఎనిమిదో స్థానం. రెండో రోజు పతకం చూసుకోకుండా, అంతవరకూ పోటీలో ఎవరూ నిలబెట్టని నాలుగున్నర చుట్ల గెంతే వేశాడు, పడ్డాడు, లేచాడు, మిగతా ఆట పూర్తి చేశాడు. నాలుగో స్థానం. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కుర్రాడు మాలినిన్ ఆ గెంతు నిలబెట్టాడట. ఆ బీజింగ్ పోటీ రోజు నువ్వు హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడ్చావు. నాకు అర్థంకాక జ్వరమేమో అని పారాసెటమాల్ వేసుకోమన్నాను. నీ పక్కన కూర్చుని నీతో పాటు ఏడ్చింది ఎవరు? దాని మనిషి అప్పటికి ఆట మానేసి మూడేళ్ళయింది, దానికేం పట్టింది ఏడవడానికి?

చూడు, నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను. అయినా చెప్తాను. ఆ పదవి ఈసారి దానికి వచ్చింది, వచ్చేసారి నీకొస్తుంది, రాకపోతే రాకపోయింది. పైవాళ్ళు ఏ కారణంతో ఇచ్చారో, మా ఏజెంటులా ఏ అంచు లేచిందని చూశారో. ఉద్యోగం మానేస్తానని మాత్రం ఆవేశంలో కాగితం రాయకు. రాసినా ఒక రాత్రి దిండు కింద పెట్టుకో. దాని నంబరు బ్లాక్ చేశావని కాంతం అంటోంది, అదెలా తీస్తారో చంటిగాడిని అడిగాను, మూడు నొక్కులేనట.

ఇంతకీ తింటున్నావా? ఆ ఆన్‌లైన్ బిర్యానీలతో పొట్ట పాడుచేసుకోకు. వానలు మొదలయ్యాయి, ఆ పల్చటి చెప్పులతో మెట్రో మెట్లు దిగకు. తలకి నూనె రాసుకో. కిందటిసారి వీడియోలో కళ్ళ కింద నలుపు కనబడింది, లైటు వల్ల అన్నావు, నేను నమ్మలేదు.

డబ్బాలు రెండున్నాయి. నీలం మూత నీది, బెల్లంవి. ఎర్ర మూతది దుర్గది, దానికి పంచదారవే ఇష్టం. మావయ్యకి అంత దూరం తిరగడానికి టైము ఉండదు, ఆ పిల్ల అడ్రసు నా దగ్గర లేదు, అందుకని రెండూ నీ దగ్గరికే పంపుతున్నాను. సత్య పిన్నిని అడగొచ్చు కదా అంటావేమో, ఆవిడ ఈ మధ్య అతుకుపనితో తీరిక లేకుండా ఉంది. ఎర్ర మూత డబ్బాలో నెయ్యి కాస్త ఎక్కువ పడింది, ఎక్కువ రోజులు ఉంచితే వాసన వేస్తుంది. వారం దాటకుండా ఇచ్చెయ్యి. ఖాళీ డబ్బాలు రెండూ జాగ్రత్తగా తీసుకురా, ఎర్ర మూతది సత్య పిన్ని వాళ్ళదే.

మీ అమ్మ