పేరు రాయొద్దన్న తమ్ముడికి

శ్రావణమాసం ముహూర్తాలు నెత్తిమీదున్నాయి. పదకొండు పార్టీల శుభలేఖలు ప్రూఫ్ దగ్గరే ఆగి ఉన్నాయి. ఆ సోమవారం పొద్దున్నే షాపు తీసి, శుభలేఖలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్ మీద నొక్కితే ఐకాన్ ఉంది, ప్రోగ్రాం లేదు. యాంటీవైరస్ దాన్ని తీసి పారేసింది. స్క్రీన్ మూలన ఎర్ర డబ్బాలు ఒకదాని మీద ఒకటి లేస్తూనే ఉన్నాయి. డిజైన్లు గీసే కోరల్‌డ్రా పోయింది, ప్రింటర్ డ్రైవర్ పోయింది. ప్రతిదాని పక్కనా ఒకటే వైరస్ పేరు: రామ్నిట్.

తెలిసిన సర్వీసు కుర్రాడొచ్చి సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, 700 తీసుకుని, "అయిపోయింది సార్" అన్నాడు. సాయంత్రం డి డ్రైవ్‌లో దాచుకున్న ప్రింటర్ సెటప్ నొక్కాను. మళ్లీ అవే ఎర్ర డబ్బాలు. ఆ కుర్రాణ్ని ఏమీ అనను. ఫార్మాట్ కొడితే ఏ వైరస్ అయినా చచ్చిపోతుందని నేనూ ఇరవై ఏళ్లుగా నమ్ముతున్నవాణ్నే.

ఆ రాత్రి మా చిన్నమ్మ కొడుక్కి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటే, పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పనిచేసే తన స్నేహితుణ్ని పంపించాడు. నాకు ముఖపరిచయం కూడా లేని మనిషి. మర్నాడు డ్యూటీ దిగి ఏడింటికి నేరుగా షాపుకే వచ్చాడు. వస్తూనే నెట్ కేబుల్ పీకేశాడు. బల్లమీదున్న పెన్‌డ్రైవ్‌లన్నీ ఏరి ఒక టిఫిన్ ప్లేటులో వేసి, "అన్నా, నేను చెప్పేదాకా వీటిని ఎందులోనూ పెట్టొద్దు" అన్నాడు. సంచిలోంచి ఒక డీవీడీ తీశాడు. ల్యాబ్‌లో మంచి సిస్టం మీద రాసుకొచ్చిన, వైరస్‌లు ఏరే కాస్పర్‌స్కీ రెస్క్యూ డిస్క్ అట. విండోస్‌ను లేపకుండా దాంతోనే సిస్టం ఆన్ చేశాడు.

విండోస్‌లోనే స్కాన్ పెట్టొచ్చు కదా అంటే, "అది లేస్తే వైరస్ కూడా లేస్తుందన్నా. మనం ఇటు నుంచి తుడుచుకుంటూ పోతుంటే అటు నుంచి పూసుకుంటూ వస్తుంది. స్కాన్ చేసే ప్రోగ్రాం కూడా ఎక్స్‌ఈ ఫైలే, అంటే నొక్కితే నడిచే ఫైలే, దాన్నీ వదలదు" అన్నాడు.

అసలు నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ తర్వాతి గంటన్నర గురించి. స్కాన్ నడుస్తుండగా టీ తెప్పించాను. ఈ వైరస్ ఎలా పనిచేస్తుందో అప్పుడు వివరించాడు. బైండింగ్ వాళ్ల భాషలో చెప్పాడు కాబట్టి నా బుర్రకు ఎక్కింది. ప్రోగ్రాం అంటే ఒక పుస్తకం అనుకోమన్నాడు. ఈ వైరస్ పుస్తకం చివర తన పేజీలు కొన్ని కుట్టేస్తుంది. మొదటి పేజీలో "ముందు వెనక్కెళ్లి అవి చదివి రా" అని రాసిపెడుతుంది. కంప్యూటర్ అమాయకంగా అవి చదివి, మళ్లీ ముందుకొచ్చి అసలు పుస్తకం చదువుతుంది. అందుకే పేజ్‌మేకర్ మామూలుగానే తెరుచుకుంటుంది, మనకు అనుమానం రాదు. ఈలోపు ఆ పేజీలు మిగతా పుస్తకాలన్నిటికీ కుట్టుకుపోతాయి. డి డ్రైవ్‌లో నేను అపురూపంగా దాచుకున్న సెటప్‌లన్నీ అలా కుట్టిన పుస్తకాలే. సి ఒక్కటే ఫార్మాట్ కొట్టి ఏం లాభం?

ఒక ఎక్స్‌ఈ ఫైలును అక్కడే విప్పి చూపించాడు. తోక దగ్గర డాట్ ఆర్‌ఎంనెట్ అని ఒక భాగం, దాని ముద్ర. మా పాప పదో తరగతి ఫలితాల పేజీ ఒకటి సేవ్ చేసి ఉంచుకున్నాను. దాన్ని ఉత్త టెక్స్ట్‌గా తెరిచాడు. మార్కులన్నీ అయిపోయాక, కింద నేనెప్పుడూ చూడని స్క్రిప్టు. 4డీ5ఏ అని మొదలై పేజీల కొద్దీ అంకెలూ అక్షరాలూ. కంప్యూటర్ సంకేతాల్లో 4డీ అంటే ఎం, 5ఏ అంటే జెడ్ అట. విండోస్‌కు ముందున్న డాస్ కాలంలో ఈ ఎక్స్‌ఈ పద్ధతిని రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఇంజనీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పొడి అక్షరాలు. విండోస్ ఎక్స్‌ఈ ఏదైనా ఆ రెండక్షరాలతోనే మొదలవుతుంది. అంటే మా పాప మార్కుల కింద ఒక ప్రోగ్రాం మొత్తం ముడుచుకుని పడుకుని ఉందన్నమాట! నాకు ఒళ్లు జలదరించింది.

ఈ రామ్నిట్ 2010 నుంచీ తిరుగుతోందట. బ్యాంకు పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకాలూ ఉన్నాయట. 2015 ఫిబ్రవరిలో యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్ వాళ్లు, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు కలిసి దీన్ని నడిపించే సర్వర్లను మూయించారు. అప్పటికి సోకిన కంప్యూటర్లు 32 లక్షలు. సర్వర్లు పోయినా, పెన్‌డ్రైవ్‌లలోని ఫైళ్లు మాత్రం ఇంకా ఊళ్లు తిరుగుతూనే ఉన్నాయి. నా చేత ఫోన్‌లోంచే బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్పించాడు.

రాత్రి రెండున్నరకు స్కాన్ అయింది. 2,814 ఫైళ్లు. కొన్ని బాగయ్యాయి, కొన్ని పనికిరాకుండా పోయాయి. బాగయినవాటినీ నమ్మలేదు. కుట్టు విప్పినా చిల్లులు ఉంటాయన్నాడు. పద్నాలుగేళ్ల పేజ్‌మేకర్, కోరల్ ఫైళ్లు, ఫొటోలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటి జోలికి ఇది పోదట. వర్డ్ ఫైళ్లలో దూరే రకం కూడా ఉందని వాటిని విడిగా చూశాడు. అవన్నీ వేరే డిస్కులోకి తీసి, డి, ఇ డ్రైవ్‌లతో సహా మొత్తం తుడిచేశాడు.

మరి సాఫ్ట్‌వేర్‌లు? చెప్పుల డబ్బాలో పాత సీడీలు ఉన్నాయి. పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అనూ ఫాంట్లు అన్నీ. మా ఆవిడ ప్రతి సంక్రాంతికీ పారేద్దామనేది. తమ్ముడు వాటిని చూసి, "సీడీ మీద ఒకసారి రాశాక వైరస్ కూడా ఏమీ చేయలేదన్నా, ఇవే మన బంగారం" అన్నాడు. ఆవిడకు ఆ మాట చెప్పాను, నమ్మలేదు.

ఎలా వచ్చిందో కూడా తేల్చాడు. ప్లేటులోని పెన్‌డ్రైవ్‌లలో నాలుగింటిలో "కాపీ ఆఫ్ షార్ట్‌కట్ టు" అని, పక్కన బ్రాకెట్లో అంకెలతో ఫైళ్లున్నాయి. వాటిని నొక్కక్కర్లేదు, ఫోల్డర్ తెరిచి ఆ ఐకాన్ కనబడితే చాలు, వైరస్ ఎక్కేస్తుంది. విండోస్‌లోని ఆ కంతను మైక్రోసాఫ్ట్ 2010 ఆగస్టులోనే పూడ్చింది. సిస్టం స్లో అవుతుందని అప్‌డేట్‌లు ఆపించింది ఎవరో కాదు, నేనే.

శుక్రవారానికి శుభలేఖలన్నీ ప్రింటుకు వెళ్లాయి. డబ్బు ఇవ్వబోతే డీవీడీకని నలభై రూపాయలు తీసుకున్నాడు. పేరు రాస్తానంటే, "వద్దన్నా, ఊళ్లో అందరూ ఫోన్ చేస్తారు" అన్నాడు. సరే తమ్ముడూ, రాయలేదు. కానీ ఇది నీకే.

చివరగా నా పార్టీలకు. జూన్, జూలై నెలల్లో నా దగ్గర పెన్‌డ్రైవ్ పెట్టించుకున్నవాళ్లు దయచేసి దాన్ని ఎక్కడా వాడకండి. నా సిస్టం నుంచి మీకు అంటుకునే ఉంటుంది, క్షమించండి. షాపుకు తెస్తే శుభ్రం చేసిస్తాను, డబ్బులేమీ వద్దు. ఊళ్లో ఒక బడి కంప్యూటర్‌కు కూడా నా దగ్గర్నుంచే వెళ్లింది. హెడ్మాస్టరుగారితో మాట్లాడాను. ఆదివారం ఆ డీవీడీ తీసుకుని నేనే వెళ్తున్నాను.